బయటివాళ్లకిచ్చే కాగితం

వులంగాంగ్
2003 ఫిబ్రవరి 24

ఎల్మా అక్కకు,

నా చేతిరాత చూస్తే కవరు విప్పకుండా చెత్తబుట్టలో వేస్తావేమోనని పైన అడ్రసు పక్కింటావిడ చేత రాయించాను. ఇక్కడిదాకా చదివావంటే ఇంకాస్త ఓపిక పట్టు.

క్లారీ బావ పోయిన సంగతి నాకు ఆర్నెల్లు ఆలస్యంగా తెలిసింది. రాద్దామని కూర్చుని మూడు కాగితాలు పాడుచేశాను. నాతో ఇరవై రెండేళ్లుగా మాట్లాడని మనిషి గురించి ఏమని రాయను? నీ కోసం మాత్రం ఏడ్చాను. అది నమ్ము.

ఇప్పుడు రాయడానికి వేరే పని ఉంది. నువ్వు మీ ఊళ్లో టూరిస్టు ఆఫీసులో వారానికి రెండు రోజులు కూర్చుంటున్నావని విన్నాను. మా చర్చిలో ఒక పెద్దాయన ఉన్నారు. ఎడారి ఊరు ఒకటి చూడాలని ఆయనకు కోరిక. మే నెలలో ఎండ తగ్గాక నేను కారులో తీసుకువస్తాను. ఎక్కువ దూరం నడవలేరు. మంచి తిండి, కాస్త పాట, ఆరుబయట కూర్చోవడానికి చల్లని చోటు ఉంటే చాలు. ఎక్కడెక్కడికి వెళ్తే బాగుంటుందో రాసి పంపగలవా?

ఆరోగ్యం జాగ్రత్త.

నోలీన్

*

బ్రోకెన్ హిల్
మార్చి 10

నోలీన్‌కు,

చెత్తబుట్టలో వెయ్యలేదు. నీ ఉత్తరమని విప్పకముందే తెలిసింది. అడ్రసు ఎవరిచేత రాయించినా స్టాంపు అంత వంకరగా అతికించేది లోకంలో నువ్వొక్కదానివే.

"మీ ఊరు" అని రాశావు. బాగుంది.

అడిగిన సమాచారం జతచేశాను. ఇది మేం బయటివాళ్లకిచ్చే కాగితం. రాసింది నేనే.

ఎల్మా పాస్కో

(జత)

బ్రోకెన్ హిల్‌కు స్వాగతం. అన్నిటికన్నా ముందు మీ గడియారం అరగంట వెనక్కి తిప్పుకోండి. మేం సిడ్నీ ఉన్న రాష్ట్రంలోనే ఉన్నా పొరుగు రాష్ట్రపు టైము పాటిస్తాం. నీళ్లు లేకుండా ఊరు దాటవద్దు. సాయంత్రం కొండ మీది రాతిశిల్పాల దగ్గర సూర్యాస్తమయం చూడండి, దుప్పటి తెచ్చుకోండి, ఎండ పోగానే చలి మొదలవుతుంది. గని దిబ్బ మీది స్మారకం దగ్గర, లోపల ప్రాణాలు పోయిన కార్మికుల పేర్లు చదవండి. శుక్రవారం టూ-అప్ ఆట ఉంటుంది, రెండు నాణేలు ఎగరేస్తారు, పందెం కాయకుండా చూసినా ఎవరూ ఏమీ అనరు. సిల్వర్టన్ పల్లెకు వెళ్లే రోడ్డులో వరుసగా పల్లాలుంటాయి, ఎదురొచ్చే కారు దగ్గరికి వచ్చేదాకా కనబడదు, నెమ్మదిగా నడపండి. అక్కడ పెన్రోజ్ పార్కులో వనభోజనం చేయవచ్చు. మా ఊరు మీకు నచ్చుతుందని ఆశిస్తున్నాం.

*

వులంగాంగ్
మార్చి 24

అక్కకు,

నేను పుట్టిన ఊరికి నన్నే స్వాగతిస్తున్నావా? నీ కాగితం తిప్పి పంపుతున్నాను, ఇంకెవరైనా బయటివాళ్లకు పనికొస్తుంది. సిల్వర్టన్ రోడ్డులో పల్లాలు ఉంటాయని నాకు చెప్పాలా? నాన్న బండి వెనక కూర్చుని వాటిని లెక్కపెట్టింది మనమిద్దరమే కదా. నీకు ముప్పై తొమ్మిది వచ్చేవి, నాకు ఎప్పుడూ నలభై ఒకటి.

నేనడిగింది అది కాదు. ట్రెలోర్ వాళ్ల తిండి కొట్టు, ఆ మిల్క్ బార్, ఇంకా ఉందా? చీజ్ స్లా రోల్ ఇంకా అమ్ముతున్నారా? బీట్‌రూట్ ముక్క అడుగున పెట్టి ఇస్తారా, పైన పెట్టి రొట్టె నానబెడుతున్నారా? పెన్రోజ్ పార్కులో ఎండిన వాగు పక్కన పొడుగాటి బల్ల ఉండేది. అది ఉందా? పెద్దాయన అడగమన్నారు.

నోలీన్

*

బ్రోకెన్ హిల్
ఏప్రిల్ 6

నోలీన్,

నాలుగు రోజులుగా దుమ్ము. కిటికీల సందుల్లో తడిగుడ్డలు కుక్కి కూర్చున్నాను. బయటికి పోయే వీలు లేక నీ ఉత్తరం ఆరుసార్లు చదివాను.

చీజు, క్యారెట్టు తురిమి మయోనీసు కలిపి రొట్టెలో పెట్టుకు తినడం ఈ ఊరికే తెలిసిన అలవాటు. మా ఆఫీసుకి వచ్చే బయటివాళ్లు చూసి ముక్కు చిట్లిస్తారు. మీ చర్చి పెద్దాయన ఎడారి ఎప్పుడూ చూడలేదు గానీ చీజ్ స్లా సంగతి తెలుసు. బీట్‌రూట్ అడుగున ఉండాలా, పైన ఉండాలా అని దుకాణంలో నిలబడి పేచీ పెట్టిన మనిషి నాకు తెలిసి ఒక్కడే.

ఇరవై రెండేళ్ల తర్వాత ఉత్తరం రాస్తూ కూడా నాతో దొంగాటలేమిటే? తీసుకొచ్చేది మీ ఆయన మెర్వ్‌నే కదా?

ఎల్మా

*

వులంగాంగ్
ఏప్రిల్ 17

అక్కా,

అవును, మెర్వ్‌నే.

ఊపిరితిత్తులు పూర్తిగా పోయాయి. గనిలో పీల్చిన దుమ్మే. పక్కన ఆక్సిజన్ సిలిండరు లేకుండా వరండా దాటలేడు. చలికాలం గడవడం కష్టమని డాక్టరు నాతో విడిగా చెప్పాడు. మెర్వ్‌కు ఎవరూ చెప్పలేదు, అతనికి తెలుసు. జనవరిలో ఒకరోజు పొద్దున్నే, "ఒక్కసారి ఊరు చూపించు నోలీ. ఎవరినీ కలవొద్దు. చూసి వచ్చేద్దాం" అన్నాడు.

నీకు అబద్ధం రాయమని చెప్పింది కూడా అతనే. "నా పేరు చూస్తే వదిన జవాబివ్వదు" అన్నాడు. ఇవ్వవనే నేనూ అనుకున్నాను.

సమ్మె సంగతి మళ్లీ తవ్వను. కానీ ఒక్కమాట రాయకుండా ఉండలేను. మెర్వ్ తవ్వడానికి దిగలేదు. పంపులు నడపడానికి దిగాడు. గని అడుగున ఊరే నీళ్లు తోడకపోతే కింది అంతస్తులు మునుగుతాయి, సమ్మె గెలిచినా మనవాళ్లు తిరిగి వెళ్లడానికి గని ఉండదని అన్నాడు. కార్మిక సంఘం వద్దన్నా వెళ్లాడు. తప్పే కావచ్చు. సంఘం హాలు గోడ మీద "సమ్మె ద్రోహి" అని అతని పేరు అతికించింది బావ. అది కూడా నేను ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది మాంసం దుకాణం. నేను "అక్కా" అని పిలిచాను. నువ్వు విన్నావు. విని, తల తిప్పుకుని కసాయితో, "సాసేజీలు రెండు పౌండ్లివ్వు" అన్నావు. ఆ గొంతు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

మా పాత ఆకుపచ్చ కారులో వస్తాం, దారిలో ఒక రాత్రి ఆగుతాం. మెర్వ్‌తో ఏ పనికైనా ముందుగా బయల్దేరాలి. అతని చేతి గడియారం ఎప్పుడూ నెమ్మదే. ఒకసారి బాగుచేయించి తెస్తే వారం తిరక్కుండా మళ్లీ వెనకబడింది. పోనీ కొత్తది కొంటానంటే ఒప్పుకోడు.

ఎవరూ గుర్తుపట్టకుండా తినగలిగే చోటు, ఎవరూ వచ్చి మొహాన ఉమ్మకుండా కూర్చోగలిగే చోటు రాసి పంపు. జనాన్ని ఎక్కడికి పంపాలో చెప్పడం నీ పని కదా, జనం ఎక్కడ ఉండరో కూడా నీకే తెలియాలి.

నోలీన్

*

బ్రోకెన్ హిల్
మే 2

నోలీన్,

క్లారీ బతికుంటే ఈ ఉత్తరం రాయనిచ్చేవాడు కాదు. పోయాక కూడా రాయనివ్వడం లేదు. ఆయన కుర్చీ ఎదురుగా ఉంటే కలం కదలక, వంటింట్లోకి వచ్చి నిలబడి రాస్తున్నాను.

మెర్వ్ చేసింది ఒప్పు అని నేననను. ఎంత మంచికి దిగినా, అందరూ బయట నిలబడినప్పుడు ఒక్కడు లోపలికి పోకూడదు. నాన్న మనల్ని అలా పెంచలేదు. ఇది రాసేశాను కాబట్టి ఇక మిగిలింది రాస్తాను. జాగ్రత్తగా చదువు.

మే పంతొమ్మిది, సోమవారం రాత్రికి చేరండి. వారాంతంలో రావద్దు, ఎడిలైడ్ వెళ్లి స్థిరపడిన మనవాళ్లంతా అప్పుడే దిగుతారు. మంగళవారం పొద్దున తొమ్మిదికి ట్రెలోర్ తెరుస్తారు. తెరవగానే వెళ్లండి. పదకొండు దాటితే సంఘం ముసలాళ్లు టీకి వస్తారు. వాళ్లలో ఇద్దరికి చూపు ఆనదు గానీ మిగతావాళ్లకు అన్నీ గుర్తే. రోల్ నా పేరున చెప్పి ఉంచుతాను. బీట్‌రూట్ అడుగునే పెట్టమంటాను.

అక్కడినుంచి స్మారకానికి వెళ్లండి. బస్సులు మధ్యాహ్నం వస్తాయి, పొద్దున ఖాళీ. నాన్న పేరు గోడ చివర్లో ఉంది, మెర్వ్ కూర్చునే చదవగలిగినంత కింద. మధ్యాహ్నం క్లబ్బులో ఒకావిడ ఆర్గన్ వాయిస్తుంది. ఆ పూటకి వచ్చేది ఆడవాళ్లే, అందరూ అల్లిక పని తెచ్చుకుంటారు, తల ఎత్తరు. వంటగది తలుపు పక్క బల్ల తీసుకో, పక్క గుమ్మంలోంచి తిన్నగా కారెక్కొచ్చు. సాయంత్రం కొండ మీద శిల్పాల వైపు వెళ్లొద్దు, అటు ఫొటోలు తీసేవాళ్లుంటారు. కింద గేటు దగ్గర కారు పడమటి వైపు తిప్పి ఆపుకోండి. సూర్యుడు అక్కడా అలాగే అస్తమిస్తాడు.

బుధవారం పెన్రోజ్ పార్కు. బల్ల ఉంది. ఒక కాలు విరిగితే ఇటుకలు పెట్టారు. మధ్యాహ్నం పన్నెండున్నరకి అక్కడ ఉండండి.

నేను వస్తాను. మెర్వ్‌తో మాట్లాడతానో లేదో ఇప్పుడే చెప్పలేను. పక్కన మాత్రం కూర్చుంటాను. ఒకరి పక్కన కూర్చున్నామంటే ఈ ఊళ్లో దాని అర్థమేమిటో నీకు తెలుసు.

అక్క

*

వులంగాంగ్
జూన్ 30

ఎల్మాకు,

మెర్వ్ ఈ నెల పంతొమ్మిదిన పోయాడు. నీకు తెలియజేయాల్సిన పనిలేదు. మొదలుపెట్టినదానికి ముగింపు ఉండాలి గనక రాస్తున్నాను.

నువ్వు రాసినట్టే అంతా చేశాం. మంగళవారం తొమ్మిదికి వెళ్తే ట్రెలోర్ తెరవనే లేదు, చాలాసేపు కారులో కూర్చున్నాం. ఊరు సోమరిదైపోయిందని నేను సణుక్కుంటుంటే మెర్వ్ నవ్వాడు. తెరిచాక సగం రోల్ తిన్నాడు, అతనికి అది చాలా ఎక్కువ. నాన్న పేరు వేలితో తడిమాడు. ఆర్గన్ వింటూ కునికాడు. గేటు దగ్గర సూర్యాస్తమయం చూస్తూ, "ఈ ఎరుపు అక్కడ సముద్రం దగ్గర రాదు నోలీ" అన్నాడు. ఆ ఒక్కరోజుకి నీకు రుణపడి ఉన్నాను. అది ఒప్పుకుంటాను.

బుధవారం పన్నెండున్నర కాకముందే పార్కులో ఉన్నాం. అతను పొద్దున లేచి గడ్డం గీసుకున్నాడు. నెల్లాళ్లలో అదే మొదటిసారి, రెండుచోట్ల కోసుకున్నాడు. టోపీ పెట్టుకున్నాడు. బల్ల మీద నీకు చోటుంచి చివర కూర్చున్నాడు. "వదిన ఈ పక్క కూర్చుంటుందిలే, ఆమెకి కుడిచెవి సరిగా వినబడదు" అన్నాడు. అదీ గుర్తే.

నలభై నిమిషాలు చూశాం. గాలి మొదలైంది. సిలిండరులో ముల్లు కిందికి దిగుతోంది. "ఇంక రాదు" అన్నాను. "ఇంకా టైముంది, కూర్చో" అన్నాడు. మళ్లీ అన్నాను. మళ్లీ అదే మాట. మందుల మత్తులో అంటున్నాడనుకున్నాను. చివరికి కోపం పట్టలేక, "ఒంటిగంట దాటింది మెర్వ్. ఆ రోజు దుకాణంలో తల తిప్పుకున్నట్టే ఇవాళా తిప్పుకుంది" అన్నాను. చెయ్యి పట్టుకుని లేపాను. కారు దాకా తల వంచుకునే నడిచాడు. ఇంటికి చేరేదాకా నీ పేరు ఎత్తలేదు. ఆ తర్వాత కూడా ఎత్తలేదు.

రాలేనని ముందే రాసి ఉంటే నేను అతన్ని ఆ బల్ల మీద కూర్చోబెట్టేదాన్ని కాదు. నాకు జవాబు అక్కర్లేదు.

నోలీన్

*

బ్రోకెన్ హిల్
జూలై 12

నోలీన్,

అక్కర్లేదన్నా రాస్తున్నాను. చింపేముందు చదువు.

నేను వచ్చాను. రొట్టె, టీ ఫ్లాస్కు, మూడు కప్పులు పట్టుకుని వచ్చాను. బల్ల ఖాళీగా ఉంది. మీరే భయపడి రాలేదనుకుని మూడింటిదాకా కూర్చున్నాను. ఇంటికొచ్చి నిన్ను తిట్టుకున్నాను. నీ ఉత్తరం వచ్చేదాకా తిట్టుకుంటూనే ఉన్నాను.

"ఒంటిగంట దాటింది" అన్న చోట ఆగిపోయాను. ఏ ఒంటిగంట, నోలీన్? మీ కారులో గడియారం సిడ్నీ టైము చూపిస్తుంది. నీ చేతిదీ అంతే. మీరు వచ్చేసరికి ఇక్కడ పన్నెండు కూడా కాలేదు. మీరు లేచి వెళ్లినప్పుడు పన్నెండూ నలభై. ట్రెలోర్ వాళ్లు ఏ రోజూ ఆలస్యంగా తెరవలేదు, మీరే అరగంట ముందు వెళ్లారు.

బయటివాళ్ల కాగితంలో స్వాగతం తర్వాత మొదటి వాక్యం అదే. ప్రతి టూరిస్టుకీ నోటితో కూడా చెప్తాను. నీకు రాసిన ఉత్తరంలో బీట్‌రూట్ ముక్క దగ్గరనుంచి అన్నీ రాశాను, అది రాయలేదు. ఇక్కడ పుట్టినదానికి ఇక్కడి టైము చెప్పడమేమిటి, మళ్లీ కాగితం తిప్పి కొడుతుంది అనుకున్నాను. నువ్వు కూడా "నేనిక్కడిదాన్నే కదా" అనుకుని గడియారం ముట్టుకోలేదు.

ఇంతటితో ఆపితే నేను మంచిదాన్ని అవుతాను. రెండు రోజులు ఇక్కడే ఆపి ఉంచాను కూడా. కానీ లెక్క చూసుకో, పన్నెండున్నరకి రావలసినదాన్ని, మీరు లేచేది పన్నెండూ నలభైకి. సరిగ్గా వచ్చి ఉంటే మీరు బల్ల మీదే ఉండేవాళ్లు.

నేను టైముకే బయల్దేరాను. సిల్వర్టన్ రోడ్డులో సగం దూరం వచ్చాక కారు పక్కకి ఆపేశాను. మెర్వ్ పక్కన కూర్చుంటే క్లారీని ఏం చేసినట్టు? ముప్పై ఏళ్లు ఆయన పక్కన నిలబడ్డాను, ఆ దుకాణంలో తల తిప్పింది కూడా ఆయన కోసమే. నీ గొంతు విన్నాను, నోలీన్. విన్నానని ఆ రోజునుంచి ఎవరితోనూ చెప్పలేదు. అలా స్టీరింగు పట్టుకుని ఎంతసేపు ఉన్నానో తెలియదు.

మళ్లీ బయల్దేరాక ఎదురుగా ఒక పల్లంలోంచి ఆకుపచ్చ కారు పైకి వచ్చింది. ముందు సీట్లో టోపీ కనిపించింది. మళ్లీ పల్లంలోకి దిగింది, మళ్లీ పైకి వచ్చింది. నన్ను దాటి పోయింది. నువ్వు రోడ్డు వైపే చూస్తున్నావు. అతను చూశాడో లేదో తెలియదు. హారను మీద చెయ్యి పెట్టాను. నొక్కలేదు. వెనక్కి తిప్పి వెంటపడితే ఊరు చేరేలోపు అందుకునేదాన్ని.

బల్ల ఖాళీగా ఉందని పైన రాశాను. ఖాళీగా ఉంటుందని తెలిసే వెళ్లాను. మూడింటిదాకా ఎందుకు కూర్చున్నానో నువ్వే ఆలోచించుకో. మీరే రాలేదని నాకు నేను చెప్పుకోవడానికి అంతసేపు పట్టింది.

అరగంట గడియారం వల్ల పోయింది. మిగిలింది నా వల్ల పోయింది.

ఎల్మా

*

వులంగాంగ్
జూలై 28

అక్కా,

నీ ఉత్తరం చదివి గోడకేసి కొట్టాను. కాగితం కదా, ఏమీ కాలేదు. మళ్లీ తీసి చదివాను.

టోపీ చూసి కూడా ఆగలేదన్నావు. అది నేను క్షమించానని రాయలేను. ఎప్పుడైనా రాస్తానో లేదో తెలియదు. నువ్వు దాచిపెట్టి ఉంటే నాకు తెలిసేది కాదు, నా గడియారాన్నే తిట్టుకుని ఊరుకునేదాన్ని. చెప్పావు. అది కూడా పక్కన పెట్టుకున్నాను.

ఒక సంగతి నీకు చెప్పాలి. ఆసుపత్రివాళ్లు అతని వస్తువులు ఒక సంచిలో వేసి ఇచ్చారు. ఇన్నాళ్లూ విప్పలేదు. నీ ఉత్తరం చదివాక విప్పాను. కళ్లజోడు, దువ్వెన, ఆ పాత గడియారం. ఇంకా తిరుగుతోంది. వంటింటి గడియారం కింద పెట్టి చూశాను. ఒక్క నిమిషం తేడా లేకుండా సరిగ్గా అరగంట వెనక ఉంది.

అది నెమ్మది కాదక్కా. ఏ రోజూ నెమ్మది కాదు. బాగుచేసేవాడు ముందుకి జరిపితే ఇతను ఇంటికొచ్చి వెనక్కి జరుపుకున్నాడు. గోడ మీద పేరు అతికించి తరిమేస్తే, ఇరవై రెండేళ్లు సముద్రం పక్కన కూర్చుని మన ఊరి టైమే చూసుకున్నాడు. ప్రతిదానికీ మనసులో అరగంట కలుపుకుని డాక్టరు దగ్గరికి, చర్చికి, నేను చెప్పిన చోటికల్లా వచ్చాడు. నాకొక్క మాట చెప్పలేదు. నేను పెళ్లిరోజుకి కూడా ఆ గడియారాన్ని ఎగతాళి చేశాను.

బల్ల మీద "ఇంకా టైముంది, కూర్చో" అని రెండుసార్లు అన్నాడు. అక్కడ కూర్చున్న ఇద్దరిలో ఊరి మనిషి అతనొక్కడే. నేను బయటిదాన్నై అతన్ని లేపి తీసుకొచ్చేశాను. ఆ చెయ్యి నాది, నీది కాదు. రాత్రుళ్లు నిద్ర పట్టకపోతే నేను మోయవలసింది అది.

అతని బూడిద నా దగ్గరే ఉంది. ఊరికి తీసుకువస్తున్నాను. ఈసారి నాకు ఖాళీ చోట్లు వద్దు, జనం లేని పూటలు వద్దు. వాగులో ఆ బల్ల ఎదురుగా, ఆదివారం, ఊరంతా వనభోజనాలకి వచ్చి ఉండగా చల్లుతాను. ఎవరైనా ఉమ్మదలుచుకుంటే నా ముందే ఉమ్మమను.

సెప్టెంబరు పద్నాలుగు, పన్నెండున్నర. నువ్వు పక్కన కూర్చుంటావో లేదో నేను అడగను. నీ కోసం ఎంతసేపు చూడాలో మాత్రం ఈసారి నాకు తెలుస్తుంది. అతని గడియారం పెట్టుకుని వస్తాను.

నోలీన్